చూడకుండా నింపిన గడి

పోయిన నెలలో అమలాపురం ఇంజినీరింగు కాలేజీ పిల్లలు నలుగురు మా ఇంటికి వచ్చారు. ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ ప్రాజెక్టుల్లో కొత్తవాళ్ళు ఏ పనులతో మొదలుపెట్టవచ్చో తమ కాలేజీకి వచ్చి ఒక గంట చెప్పమన్నారు. కోడు రాయడం తమకింకా సరిగ్గా రాదట. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అలాంటివేవో చేసేవాడినని వాళ్ళకెవరో చెప్పారు. మోకాళ్ళ నొప్పులని వంక చెప్పి, కాఫీలిచ్చి పంపేశాను.

వాళ్ళు గేటు దాటాక సిగ్గేసింది. చెప్పడానికి నా దగ్గర గంటకు సరిపడా సంగతులున్నాయి. వాటిలో ఒకదాన్ని నలుగురి ముందు నిలబడి చెప్పే ధైర్యం మాత్రం లేదు. దాన్ని దాచి మిగతావి చెబితే నేను మారనట్టే. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

తొంభైల మొదట్లో నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో టెక్నీషియన్‌గా చేరాను. మొదటి పోస్టింగు కొత్తపేట, తర్వాత రాజోలు. పాత ఎక్స్ఛేంజీలు పోయి ఎలక్ట్రానిక్‌వి వస్తున్న కాలం. సర్క్యూట్ కార్డు పాడైతే ఊడదీసి పైకి పంపడం, కొత్తది వస్తే బిగించడం మా పని. దాని లోపల ఏముందో మాకు అక్కర్లేదు. నాకేమో లోపలిదే కావాలి. పారేసిన కార్డులు ఇంటికి తెచ్చుకుని, భూతద్దం పెట్టి, చిప్పుల మీద నంబర్లు చదువుతూ కూర్చునేవాణ్ణి.

రాజోలులో ఒక లైన్‌మన్ ఉండేవారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, అందరం బాబాయిగారు అనేవాళ్ళం. ఎక్కడో తోటల్లో స్తంభమెక్కి తీగ సరిచేసి, వానలో తడిసి వచ్చినా, కంప్లైంటు పుస్తకంలో ‘బాగయింది’ అని వెంటనే రాసేవారు కాదు. ముందు ఆ ఇంటికి ఫోను చేసేవారు. "వినబడుతుందాండీ?" అని అడిగి, అవతలివాళ్ళు "ఆయ్, వినబడుతుందండి" అన్నాకే కలం తీసేవారు.

"స్తంభం దగ్గర చూసేరు కదా బాబాయిగారూ, ఇంకా ఎందుకండీ?" అంటే, "స్తంభం దగ్గర మోగితే ఏం లాభవండి, ఆళ్ళింట్లో మోగాలి గానీ" అనేవారు. చాదస్తం అనుకునేవాణ్ణి.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి మా వైపుకి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. మోడెమ్, రూటరు అనే మాటలు అప్పుడే ఊళ్ళోకి వచ్చాయి. ఆ పెట్టెల లోపల, ఒక చిప్పులో కూర్చుని పెట్టెను నడిపించే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. కంపెనీ ఇచ్చినదాన్ని తీసేసి, నానా దేశాలవాళ్ళు కలిసి రాసి ఉచితంగా పెట్టినదాన్ని ఎక్కించుకోవచ్చని ఇంటర్నెట్‌లో చదివాను. దాన్నెవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, తప్పుంటే చెప్పొచ్చు. ఉద్యోగంలో పదిహేనేళ్ళు తలుపు బయటే నిలబెట్టిన మనిషిని ఎవరో లోపలికి రమ్మన్నట్టయింది.

వాళ్ళ పేజీలో రాసినట్టే నా మోడెమ్‌కి ఎక్కించబోయాను. కాలేదు. రెండు ఆదివారాలు తంటాలు పడ్డాక తెలిసింది, ఆ పేజీలో ఒక మెట్టు రాయడం మర్చిపోయారు. ముందుగా కంప్యూటరుకి ఒక నెట్‌వర్క్ అడ్రసు మనమే ఇచ్చి పెట్టాలి. వచ్చీరాని ఇంగ్లీషులో వాళ్ళకి ఆ సంగతి రాశాను. మర్నాటికల్లా ఆ వాక్యం పేజీలో చేరింది, పక్కన నా పేరుతో సహా. నా పేరంటే సొంత పేరు కాదు. అక్కడ అందరూ ఏదో ఒక మారుపేరు పెట్టుకునేవారు, నేనూ ఒకటి పెట్టుకున్నాను.

ఆ వాక్యాన్ని మా ఆవిడకి చూపించాను. ఆవిడ చూసి, "బాగుంది. మరి మన ఫోను ఎప్పుడు బాగవుద్దండి?" అంది. ఎక్స్ఛేంజి టెక్నీషియన్ ఇంట్లో ఫోను నెలరోజులుగా గరగరమంటోంది.

అలా మొదలైంది. పేజీల్లో తప్పులు దిద్దేవాణ్ణి. పెట్టె విప్పి చిప్పుల ఫోటోలు తీసి పంపేవాణ్ణి. ఫర్మ్‌వేర్ ఎక్కించాక ఏ దీపం వెలిగింది, ఏది వెలగలేదు రాసేవాణ్ణి. ఒక్క వరుస కోడు రాసింది లేదు. అయినా అవతల ఎవరో "థాంక్స్, చాలా ఉపయోగపడింది" అని రాస్తే ఆ రోజంతా ఎక్స్ఛేంజిలో ఈల వేస్తూ తిరిగేవాణ్ణి.

ఆ ప్రాజెక్టులో ఒక పెద్ద పట్టిక ఉండేది. ఏ కంపెనీ పెట్టె, ఏ మోడల్, ఏ వెర్షన్, ఫర్మ్‌వేర్ పనిచేసిందా లేదా, చూసినవారెవరు అని గడులు. ఎవరు చూశారో వాళ్ళే నింపాలి. అలా పది నింపినవాళ్ళ పేరు కృతజ్ఞతల పేజీలో వేసేవారు. నావి తొమ్మిదయ్యాయి. ఎక్కడెక్కడి పెట్టెలో తెచ్చి, విప్పి, నిజంగా చూసి నింపిన తొమ్మిది.

పదోదానికి పెట్టె దొరకలేదు. నేను పరీక్షించిన ఒక మోడల్‌కి వెర్షన్ రెండు కూడా ఉందని, దాని పక్క గడి ఖాళీగా ఉందని గమనించాను. వెర్షన్ రెండుని ఫోటోలో తప్ప చూడలేదు. పైకి రెండూ ఒకటే. అదే నల్ల డొప్ప, అవే దీపాలు. లోపల మాత్రం వేరేగా ఏముంటుంది అనుకున్నాను. ‘పనిచేస్తుంది’ అని రాసి, పక్కన నా మారుపేరు పెట్టాను. వారం తిరక్కుండా కృతజ్ఞతల పేజీలో ఆ పేరు వచ్చింది. ప్రింటు తీయించుకుని చాలాకాలం దాచుకున్నాను కూడా.

ఆ రోజుల్లో రాజోలు రోడ్డు మీద ఒకావిడ చిన్న నెట్ సెంటరు నడిపేది. మూడు కంప్యూటర్లు, మూడింటికీ కెమెరాలు. ఆవిడ భర్త కతర్‌లో డ్రైవరు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి గల్ఫ్‌లో ఉన్నవాళ్ళ ఆడవాళ్ళంతా మగవాళ్ళతో చూసి మాట్లాడటానికి ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఇంటర్మీడియెట్‌తో చదువు ఆగిపోయింది గానీ ఆ మనిషికి తెలుసుకోవాలన్న ఆత్రం చాలా ఉండేది. లైను కంప్లైంటు మీద వెళ్ళినప్పుడల్లా నా చేతుల వంకే చూసేది. "ఆ తీగ ఎందుకు మార్చేరండీ సారూ?" అని అడిగేది. చెబితే ఒక రూళ్ళ పుస్తకంలో రాసుకునేది. తర్వాతిసారి అదే తేడా వస్తే నన్ను పిలవకుండా తనే సరిచేసుకునేది.

ఆవిడ మోడెమ్ పాడైతే భర్త కతర్ నుంచి వచ్చేవాళ్ళతో ఒక కొత్త పెట్టె పంపించాడు. మోడెమ్, రూటరు రెండూ అందులోనే. మూడు కంప్యూటర్లూ ఒకేసారి పనిచేస్తే అది బిగుసుకుపోయేది, ఆపి మళ్ళీ వెయ్యాల్సి వచ్చేది. ఆవిడ ఆ మాట చెప్పినప్పుడు ఉచిత ఫర్మ్‌వేర్ సంగతి నేనే చెప్పాను. "పట్టికలో మీ పెట్టె ఉందో లేదో చూడమ్మా. పనిచేస్తుందని రాసుంటే ఎక్కించుకోవచ్చు" అన్నాను. ఆ పెట్టె ఏ వెర్షనో నేను అడగలేదు. అది గోడ మీద, ఎత్తుగా మేకుకి వేలాడుతుండేది. తిప్పి చూడలేదు.

ఆ వానాకాలంలో ఒక శుక్రవారం పొద్దున్న ఎక్స్ఛేంజికి ఫోను చేసింది.

"సారూ, కొంచెం రాగలరాండి? పెట్టె ఆగిపోయిందండి."

వెళ్ళేసరికి వాన. సెంటరు నిండా జనం. శుక్రవారం గల్ఫ్‌లో సెలవు, వాళ్ళు తీరిగ్గా కూర్చుని మాట్లాడేది ఆ ఒక్కరోజే. ఆ రద్దీలో ఆగకుండా ఉండాలనే ఆవిడ ముందురోజు మధ్యాహ్నం ఫర్మ్‌వేర్ ఎక్కించింది. పెట్టె మళ్ళీ లేవలేదు.

బల్ల మీద ఒక పిల్ల తల్లి కూర్చుని ఉంది. మామిడికుదురు అవతలి ఊరి నుంచి ఆటోలో వచ్చిందట. ఒళ్ళో మూడు నెలల బిడ్డ, బుగ్గన చుక్క పెట్టి, ఉన్నంతలో మంచి చొక్కా వేసి తెచ్చింది. మస్కట్‌లో ఉన్న తండ్రి ఇంకా బిడ్డను చూడలేదు.

"ఎల్లుండి ఆదివారం వస్తే కుదురుద్దేమో అమ్మా" అన్నాను.

"ఆదివారం ఆయనకి డ్యూటీ అండి. ఈ రోజు సెలవని కూర్చుంటానన్నారండి" అంది.

కాసేపు చూసి, అమలాపురం వెళ్దామని ఆటో ఎక్కింది. అక్కడ దొరికిందో లేదో, ఆ వారం ఆ తండ్రి బిడ్డను చూశాడో లేదో నాకు తెలీదు.

జనం తగ్గాక నెట్ సెంటరావిడ తన రూళ్ళ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ఇలా ఉంది: ‘2.10 మొదలు. కరెంటు ఉంది, అయినా యూపీఎస్ మీద పెట్టేను. 2.12 మూడో దీపం ఆరింది. 2.13 అన్ని దీపాలూ ఒకసారి వెలిగేయి. తర్వాత మొదటి దీపం ఒక్కటే, ఆగకుండా. 2.40 దాకా ముట్టుకోలేదు. పెట్టె కింద చీటీ: వెర్షన్ 2.’

ఆఖరి మాట చదివి పుస్తకం మూసేశాను. "ఇంటికి తీసుకెళ్ళి చూస్తానమ్మా" అన్నాను.

శనివారం ఆ పెట్టె విప్పాను. భూతద్దంలో చిప్పు నంబరు చదివి, ఇంటర్నెట్‌లో వెతికాను. వెర్షన్ ఒకటిలో ఉన్న చోటులో ఇందులో ఉన్నది సగమే. కొత్త ఫర్మ్‌వేర్ అందులో పట్టదు. పాతదాన్ని చెరిపేసి, కొత్తది చోటు చాలక సగంలో ఆగిపోయింది. లోపలి పిన్నులకి తీగలు అతికి బతికించాలని రోజంతా చూశాను. రాలేదు. వెర్షన్ రెండు ఎవరి దగ్గరున్నా, ఎంత జాగ్రత్తగా ఎక్కించినా, జరిగేది ఇదే. ఆవిడ పట్టిక చూసింది. పట్టికలో పనిచేస్తుందని ఉంది. రాసింది నేను.

సోమవారం ఎక్స్ఛేంజి నుంచి ఒక మోడెమ్ ఆవిడ పేర రాయించి తీసుకెళ్ళాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. ‘ఆ గడి నేనే నింపేనమ్మా, చూడకుండా నింపేను.’ అంతే. రెండు ముక్కలు.

మోడెమ్ బిగించి దీపాలు వెలిగాక ఆవిడ మంచినీళ్ళిచ్చింది. అప్పుడు అడిగింది.

"సారూ, నేను రాసుకున్నదంతా ఆళ్ళకి పంపుదామాండి? నా ఇంగ్లీషు బాగోదు గానీ మీరు దిద్దితే పంపుతానండి. ఇంకొకళ్ళకి ఇలా అవ్వకుండా ఉంటది కదండీ."

ఆ ప్రాజెక్టువాళ్ళు ఎవరినైనా అడిగేది సరిగ్గా అదే. ఏం చేశావు, ఎప్పుడు చేశావు, ఏం కనబడింది, పెట్టె ఏ వెర్షన్. నేను మూడేళ్ళుగా పంపినవాటిలో ఒక్కటీ అంత శుభ్రంగా లేదు. పంపితే ఆ గడి ఎవరు నింపారో చూస్తారు. నన్ను అడుగుతారు. కృతజ్ఞతల పేజీలోంచి నా పేరు తీసేస్తారు. ఆ క్షణంలో నా బుర్రలో తిరిగింది ఇదే, సిగ్గులేకుండా చెబుతున్నాను.

"ఎందుకమ్మా," అన్నాను. "ఆళ్ళు పెద్ద పెద్ద ఇంజినీర్లు. నువ్వే ఏదో తప్పు నొక్కేవంటారు."

"పట్టికలో పనిచేస్తుందని రాసుందండి మరి?"

"రాసినాయన చూసే రాసుంటాడు. మధ్యలో కరెంటు ఊగుంటది. ఎక్కించేటప్పుడు కొంచెం ఊగినా పోద్ది."

"యూపీఎస్ మీద పెట్టేనండి. దీపాలు కూడా రాసుకున్నానండి."

"యూపీఎస్‌లని కూడా నమ్మలేవమ్మా."

ఆవిడ పుస్తకం తెరిచి ఆ పేజీ మళ్ళీ చదువుకుంది. వేలు పెట్టి ఒక్కో వరుసా చూసింది, ఎక్కడ తప్పిందా అని. కాసేపటికి తలెత్తింది.

"ఆయ్. అయితే నాదే పొరపాటై ఉంటదండి" అంది.

నేను కాదనలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

పట్టికైనా దిద్దాల్సింది. దిద్దుదామనే ఒకటి రెండుసార్లు ఆ పేజీ తెరిచాను. ఏమని దిద్దాలి? చూడకుండా రాశానని ఒప్పుకోకుండా దిద్దే మార్గం కోసం వెతుక్కుంటూ రోజులు గడిపాను. ఈలోగా ప్రాజెక్టు నుంచి ఒక ఈమెయిలు వచ్చింది. ఎంతో మర్యాదగా ఉంది. వెర్షన్ రెండు పెట్టె ఒకరిది పాడైందట, మీరు పరీక్షించినదాని చిప్పు నంబరు చెప్పగలరా అని. జవాబు రాయలేదు. మళ్ళీ ఒకటి వచ్చింది. రాయలేదు. మూడోది రాలేదు.

నెల తర్వాత చూస్తే ఆ గడిలో ఎర్ర అక్షరాలతో ‘ఎక్కించవద్దు’ అని ఉంది. పెట్టె పోగొట్టుకున్న మనిషెవరో రాసిన నాలుగు వాక్యాలు కింద ఉన్నాయి. ‘మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి’ అని మొదలుపెట్టాడు. ఏ దేశమో తెలీదు, ఇంగ్లీషు నా ఇంగ్లీషుకంటే అధ్వానం. కింద వరసగా జనం మెచ్చుకుంటూ రాశారు. మరో ఆర్నెల్లకి అతను ఆ ప్రాజెక్టులో కొత్తవాళ్ళకి దారి చూపించే పనిలో ఉన్నాడు. ఆ చోటు రాజోలు రోడ్డు మీద ఉన్న ఒకావిడది. అతనికంటే ముందు, అతనికంటే బాగా రాసుకుంది. నేను పంపనివ్వలేదు.

ఆ తర్వాత నేనూ అటు వెళ్ళలేదు. పని ఒత్తిడి అని నాకు నేనే చెప్పుకున్నాను. జీవితంలో ఇష్టంగా చేసిన పని అదొక్కటే.

ఆవిడ ఫోన్లు మాత్రం వస్తుండేవి. మునుపటిలా ఎందుకు, ఎలా అని అడిగేది కాదు. ఒకసారి ఫోను చేసి, "సారూ, మౌసు కదలట్లేదండి. తీసి మళ్ళీ పెట్టమంటారాండి, మీరొచ్చేదాకా ఉంచమంటారా?" అంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పేజీలు చదివి, ఫర్మ్‌వేర్ ఎక్కించడానికి కూర్చున్న మనిషి మౌసు ముట్టుకోవడానికి నన్ను అడుగుతోంది. నేను "ఉంచమ్మా, వస్తాను" అన్నాను. అది కూడా తప్పే. "తియ్యమ్మా, నీకు తెలుసు" అని ఉండాల్సింది.

అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక ఆ సెంటరు మూతపడింది. నాకు ట్రాన్స్‌ఫరు అయింది, తర్వాత రిటైరయ్యాను.

పిల్లలూ, మీరు అడిగినదానికి జవాబు ఇక్కడే చెప్పేస్తాను. కోడు రాకపోయినా చెయ్యడానికి బోలెడంత పని ఉంది. వాళ్ళ పేజీలో రాసినట్టు మెట్టు మెట్టూ చేసి చూడండి, ఎక్కడ ఆగిపోయారో రాయండి. కొత్తవాడికి అర్థంకానిదేదో కొత్తవాడికే తెలుస్తుంది, పాతవాళ్ళకి అది కనబడదు. పాత పెట్టె దొరికితే విప్పి చిప్పుల నంబర్లు పంపండి. పాడైతే పాడైందని రాయండి, బాగైనదానికంటే అదే ఎక్కువ ఉపయోగం. వీలైతే తెలుగులో రాసిపెట్టండి, ఇంగ్లీషు చూసి వెనక్కి తగ్గేవాళ్ళు మన దగ్గర చాలామంది. చూడనిది చూడలేదని రాయండి. ఆ గడి ఖాళీగా ఉంటే ఎవరి పెట్టె కూడా పాడవదు. పక్కన ఎవరైనా పుస్తకంలో రాసుకుంటూ కనబడితే, వాళ్ళు రాసింది వాళ్ళ పేరుతోనే పంపించండి.

పిల్లలు వచ్చి వెళ్ళిన వారానికి ఆవిడ కొత్తపేటలో ఉంటోందని వాకబు చేసి తెలుసుకుని బస్సెక్కాను. బజారులో చిన్న కొట్టు, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెడుతోంది. జుట్టు నెరిసింది. చూడగానే గుర్తుపట్టి, లేచి కుర్చీ వేసింది.

చెప్పాను. గడి సంగతి, చిప్పు సంగతి, ఆ సోమవారం సంగతి. మధ్యలో ఆపకుండా వింది. కీబోర్డు మీద దుమ్ము తుడుస్తూ కూర్చుంది.

"పెట్టె పోయినందుకు కాదండి," అంది చివరికి. "మా ఆయన ఫోన్లో అడిగేరు, ఎలా పోయిందని. నా చేతకానితనవేనండి అని చెప్పేను. అప్పణ్ణించీ దేని మీదా చెయ్యి వెయ్యబుద్ధి కాలేదండి. చదువు లేనిదాన్ని, ఇవన్నీ మనకెందుకు అనుకునేదాన్ని."

"నీ తప్పేం లేదమ్మా. నీ అంత పద్ధతిగా నేనే చెయ్యలేదు."

"ఇప్పుడు తెలిసిందండి."

ఆ మాటలో కోపం లేదు. క్షమించినట్టు కూడా లేదు. ఇంకేమైనా అంటుందని చూశాను. దరఖాస్తు పట్టుకుని ఎవరో వచ్చారు, వాళ్ళని కూర్చోమని చెప్పి మళ్ళీ నా వైపు తిరిగింది.

"నాకు చెప్పేరు, సరేనండి. ఆళ్ళకి చెప్పేరాండీ?"

"లేదమ్మా."

"మరి చెప్పండి. మీ సొంత పేరు పెట్టి చెప్పండి."

ఆ సాయంత్రమే ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. ప్రాజెక్టు ఇంకా ఉంది, మనుషులు మారిపోయారు. ఆ పెట్టెల తయారీ ఆగి చాలా ఏళ్ళయింది, పట్టికను పాతవాటిలో పడేశారు. అయినా రాశాను. ఆ మారుపేరు నాదేనని, వెర్షన్ రెండుని చూడకుండానే ఆ గడి నింపానని, మీరు అడిగితే జవాబివ్వలేదని. అసలు సంగతి అందరికంటే ముందు కనిపెట్టి రాసుకున్నది రాజోలులో నెట్ సెంటరు నడిపిన ఒకావిడ అని, ఆవిణ్ణి పంపనివ్వనిది నేనని. కింద మా ఇంటిపేరుతో సహా నా పేరు పెట్టాను.

పంపించి గడియారం చూశాను. మొత్తం పది నిమిషాలు కూడా పట్టలేదు.